నజరానా అయిన హక్కు

తెలుగు విమర్శకులు ఇంతవరకూ ముట్టుకోని రచన ఒకటుంది. దాన్ని ఏటా మన పిల్లలు రాస్తూనే ఉన్నారు. రాసేది ఇంగ్లీషులో. చదివేది ముగ్గురో నలుగురో. అది అచ్చుకాదు, ఆవిష్కరణ సభ జరగదు, సమీక్ష రాదు. అయినా మనిషి తన గురించి తాను ఇంత జాగ్రత్తగా, ఇంత బెదురుతూ, ఇన్నిసార్లు దిద్దుకుని రాసేది మరొకటి ఉండదేమో. బిజినెస్ స్కూల్లో సీటు కోసం దరఖాస్తుతో పాటు పంపే వ్యాసం అది. అందులోనూ 'డైవర్సిటీ' వ్యాసం. మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, మీ నేపథ్యం మా తరగతికి ఏం తెచ్చిపెడుతుంది అని స్కూలు అడుగుతుంది. మూడొందల మాటల్లోనో ఐదొందల మాటల్లోనో జవాబు చెప్పాలి.

అస్తిత్వం గురించి వేస్తున్న పుస్తకంలో ఎం.బి.ఎ. సీట్ల గొడవేమిటని కొందరికి అనిపించొచ్చు. 'నువ్వెవరు' అన్న ప్రశ్నకి ముస్లిం రచయితలు మూడు దశాబ్దాలకు పైగా కవితల్లో, కథల్లో జవాబు చెబుతున్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిన నాటి నుంచీ ఆ జవాబులు ఎవరూ అడక్కుండానే చెప్పినవి. వినడానికి ఇష్టపడనివాళ్ళ మొహం మీదే చెప్పినవి. ఇప్పుడు అదే ప్రశ్నని సీటిచ్చేవాళ్ళు మర్యాదగా అడుగుతున్నారు. మర్యాదగా అడిగినప్పుడు జవాబు ఎలా మారిపోతుందో చూడాలి. పత్రికలో పని చేస్తామని, ఉర్దూ తెలుగు ఇంగ్లీషు వచ్చునని, కాస్త చూసిపెట్టమంటూ ఈ వ్యాసాల్ని మా దగ్గరికి తెచ్చేవాళ్ళు కొందరున్నారు. పదేళ్ళుగా అలా చదివినవాటిని బట్టే ఈ నాలుగు మాటలు.

ముందు ఈ వ్యవహారం ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి. 1966లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టెర్లింగ్ షోన్ పూనుకుని, తమ యూనివర్సిటీనీ ఇండియానా, విస్కాన్సిన్ యూనివర్సిటీలనూ కలిపి ఒక సంస్థ పెట్టించాడు. పేరు కన్సార్టియం ఫర్ గ్రాడ్యుయేట్ స్టడీ ఇన్ మేనేజ్‌మెంట్. పౌరహక్కుల చట్టం వచ్చి రెండేళ్ళయింది. చట్టం వచ్చినా కంపెనీల్లో మేనేజరు కుర్చీలో నల్లమనిషి కనబడటం అరుదే. 1967లో మొదటి బ్యాచ్‌లో 21 మంది చేరారు. అందరూ నల్లజాతి మగవాళ్ళే. తర్వాత ఆడవాళ్ళు, హిస్పానిక్‌లు, అమెరికన్ ఆదివాసులు వచ్చారు. ఒక్క దరఖాస్తుతో ఆరు స్కూళ్ళ దాకా పెట్టుకోవచ్చు. ఫెలోషిప్పు దొరికితే ట్యూషన్ ఫీజు ఉండదు. చదువు మొదలవకముందే కంపెనీలవాళ్ళతో పరిచయాలు చేయిస్తారు. కాలక్రమంలో చేరిన స్కూళ్ళు ఇరవై దాటాయి.

1966లో వాళ్ళ లెక్క సూటిగా ఉంది. మిమ్మల్ని ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబెట్టాం, తలుపు తీస్తున్నాం, ఫీజు మేమే కడతాం. బాకీ తీర్చే పద్ధతి అది. బాకీదారు అప్పిచ్చినవాణ్ణి 'నీ కథ చెప్పు' అని అడగడు.

ఈ లెక్క 1978లో తిరగబడింది. కాలిఫోర్నియాలో డేవిస్ మెడికల్ కాలేజీ వంద సీట్లలో పదహారు మైనారిటీలకి పెట్టింది. అలన్ బకీ అనే తెల్లవాడు కోర్టుకెళ్ళాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ లూయిస్ పావెల్ అభిప్రాయం ఆ కేసుని తేల్చింది. కోటా చెల్లదన్నాడు. సమాజం చేసిన అన్యాయాన్ని సరిదిద్దటం అన్న కారణం యూనివర్సిటీకి చాలదన్నాడు. అయితే తరగతిలో రకరకాల మనుషులుంటే అందరి చదువూ బాగుపడుతుంది కాబట్టి జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చన్నాడు. ఈ మాటని కాస్త నిలబడి వినాలి. నల్లపిల్లవాడు తరగతిలో ఉండాల్సింది వాడి ముత్తాతని సంతలో అమ్మినందుకు కాదట. పక్కన కూచున్న తెల్లపిల్లవాడికి జ్ఞానం పెరుగుతుందనట! 2003లో మిచిగన్ యూనివర్సిటీ లా కాలేజీ కేసులో జస్టిస్ శాండ్రా డే ఓకానర్ ఇదే వాదాన్ని నిలబెట్టింది. ప్రపంచమంతా వ్యాపారం చేయాలంటే రకరకాల మనుషులు కావాలని పెద్ద కంపెనీలు ఆ కేసులో చెప్పుకున్నాయి. తీర్పు ఆ మాటకి విలువిచ్చింది. బిజినెస్ స్కూళ్ళకి ఇంతకంటే నచ్చే తర్కం ఏముంటుంది?

మన దేశంలో దారి వేరు. ఇక్కడి రాజ్యాంగం సామాజికంగా, విద్యాపరంగా వెనకబాటు అంటుంది. మండల్ కేసులో 1992 నాటి తీర్పు కూడా వెనకబాటు కొలతల గురించే మాట్లాడింది. వెనకబెట్టినవాళ్ళున్నారని ఆ మాటలోనే ఉంది. 'డైవర్సిటీ'లో అది లేదు. తోటలో రంగురంగుల పూలు ఎవరు నాటారని ఎవరడుగుతారు?

'హక్కు' అన్న తెలుగు మాట మన ఇళ్ళలోంచి వచ్చిందే. అర్జీ, దరఖాస్తు కూడా అంతే. అరబీ ఫారసీల నుంచి కచేరీల మీదుగా తెలుగులోకి నడిచొచ్చిన మాటలు. అర్జీ పెట్టేది హక్కు కోసం. అర్జీ పుచ్చుకున్న అధికారి అవుననో కాదనో రాయాలి. నిజాం దర్బారులో దీనికి పూర్తిగా వేరైన ఆనవాయితీ ఒకటుండేది. అది నజరానా. ప్రభువు ముందుకి వెళ్ళేవాడు రుమాలు మీద అష్రఫీ పెట్టి రెండు చేతులా చాచి వంగాలి. ప్రభువు తీసుకున్నా గౌరవమే, ముట్టుకుని వదిలేసినా గౌరవమే. ఎందుకు తీసుకోలేదని అడగడానికి లేదు. డైవర్సిటీ వ్యాసం పైకి దరఖాస్తు, లోపల నజరానా. 'నాకు రావాల్సింది ఇవ్వండి' అని అందులో రాయకూడదు. 'నా దగ్గరున్న ఈ వింత వస్తువు మీ తరగతికి పనికొస్తుందేమో చిత్తగించండి' అని రాయాలి. ఆ వింత వస్తువు మన బతుకు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో జాతిని బట్టి సీటివ్వటం కుదరదని తేల్చింది. చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఒక సందు మాత్రం వదిలాడు. జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో అభ్యర్థి రాసుకోవచ్చు, అది అతని గుణానికో సామర్థ్యానికో ముడిపడి ఉంటే యూనివర్సిటీ దాన్ని చూడొచ్చు అన్నాడు. గడిలో టిక్కు పెట్టటం పోయింది, కథ మిగిలింది. అంతవరకూ వ్యాసం మీద ఉన్న బరువుకి ఇప్పుడు మరో పది బస్తాలు కలిశాయి. కథ చక్కగా చెప్పగలిగినవాడికే దెబ్బ తగిలినట్టు లెక్క!

ఈ గడుల గొడవలో ముస్లిం ఎక్కడున్నాడని అడిగితే ఎక్కడా లేడనే చెప్పాలి. అమెరికా జాతుల జాబితాలో మతం లేదు. హైదరాబాదు ముస్లిం అక్కడ 'ఏషియన్'. బిజినెస్ స్కూళ్ళలో భారతీయులు కావలసినంతమంది ఉన్నారు కాబట్టి ఆ గడి వాడికి కలిసిరాదు. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి కొత్త గడి పెట్టాలని నిర్ణయించింది. మన బార్కస్‌లో నిజాం సైన్యంలో పని చేసిన యెమెన్ అరబ్బుల సంతతి ఉంది. ఇక్కడ బి.సి.-ఇ జాబితా రాసినప్పుడు అరబ్బులు వెనకబడినవాళ్ళు కాదని పక్కన పెట్టారు. అమెరికాలో పుట్టిన బార్కస్ పిల్లవాడికి మాత్రం ఆ కొత్త గడిలో చోటుంటుంది. ఒకే రక్తం ఒక ఒడ్డున ముందున్నట్టు, ఇంకో ఒడ్డున వెనకున్నట్టు. గడులు గీసేవాడి చేతిలో ఉంటుందన్నమాట మన చరిత్ర.

ఇక రచన సంగతి.

మేము చదివిన వ్యాసాల్లో ఒకటి పాతబస్తీ కుర్రాడిది. ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, అమెరికాలో ఒక స్కూలుకి దరఖాస్తు పెట్టాడు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత పోలీసులు చాలామంది ముస్లిం యువకుల్ని పట్టుకెళ్ళారు. కేసులు పెట్టినవాళ్ళని కోర్టులు తర్వాత నిర్దోషులని వదిలేశాయి. ఆ పట్టుకెళ్ళినవాళ్ళలో ఈ కుర్రాడి మామూ ఒకడు. అప్పటికి వీడికి పదేళ్ళు. మొదటి ప్రతిలో ఇలా రాశాడు: పోలీసులు రాత్రిపూట వచ్చి మామూని తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఆయన సెల్‌ఫోన్ల దుకాణం మళ్ళీ తెరవలేదు. ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేవాడు. నానీ చనిపోయేదాకా గుమ్మానికి అడ్డంగా పడుకునేది. ఇంగ్లీషు గొప్పగా లేదు. కాని ఆ ఇల్లు కనబడింది. నానీ చాప కనబడింది.

డబ్బు తీసుకుని వ్యాసాలు దిద్దే కన్సల్టెన్సీలుంటాయి. ఆ కుర్రాడు వెళ్ళిన చోట రెండో ప్రతిలో 'పోలీసులు' కొట్టేసి 'అధికారులు' అని పెట్టారు. మూడో ప్రతిలో అధికారులు కూడా పోయారు. 'మా కుటుంబానికి అనుకోని కష్టం ఎదురైంది' అని మొదలైంది. ఆ కష్టం ఓర్పు నేర్పింది, ఓర్పు నుంచి నాయకత్వం వచ్చింది, ఆ నాయకత్వాన్ని మీ తరగతికి తెస్తాను అని ముగిసింది. మామూ ఏడీ? చెరుకు రసం తీసుకుని పిప్పి పారేసినట్టు మామూలోంచి పాఠం తీసుకుని మామూని పారేశారు. ఇంగ్లీషు మాత్రం మూడో ప్రతిలో నున్నగా ఉంది.

పత్రికల భాషలో ఈ విద్య పాతదే. ఎదురుకాల్పులు 'జరుగుతాయి'. ఉద్రిక్తత 'నెలకొంటుంది'. ఇళ్ళు 'దగ్ధమవుతాయి'. కర్త ఉండడు. తెలుగు వాక్యానికి కర్త లేకుండా నడిచే వెసులుబాటు ఉంది, దాన్ని ఎవరు ఎప్పుడు వాడుకుంటారో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. డైవర్సిటీ వ్యాసం మొత్తం ఆ వెసులుబాటు మీదే నడుస్తుంది. వివక్ష ఉంటుంది, చేసినవాడుండడు. కష్టం ఉంటుంది, పెట్టినవాడుండడు. దెబ్బ తిన్నవాడు మాత్రం ఉంటాడు. వాడు చివరికి నవ్వుతూ ఉండాలి.

ముస్లిం అమ్మాయిలకి మరో అచ్చు తయారుగా ఉంది. ఇల్లొక జైలు, అబ్బా ఒక జైలరు, బురఖా ఒక గొలుసు, ఎం.బి.ఎ. విడుదల. నిజంగా అలాంటి ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. వాటి గురించి ముస్లిం స్త్రీలు తెలుగులో గట్టిగానే రాశారు, మన మగవాళ్ళు ఉలిక్కిపడేలా రాశారు. కాని మాకు తెలిసిన ఒక అమ్మాయి అబ్బా ఆటో నడుపుతాడు. రోజూ పొద్దున్నే ఆమెని కోచింగుకి దింపి, ఆ తర్వాతే బేరాలకి వెళ్ళేవాడు. ఆమె అదే రాసింది. చదివినవాళ్ళు 'ఇందులో సంఘర్షణ లేదు' అన్నారట. అబ్బాని కొంచెం కఠినంగా చేయమన్నారట. ఆమె చేయలేదు. వ్యాసంలోంచి ఆటో తీసేసి, ఇంకేదో కాలేజీ పండగ గురించి రాసి పంపింది. ఒక ముస్లిం తండ్రి కూతురిని చదివించాడన్న మామూలు సంగతి అచ్చులో పట్టలేదు.

తెలుగులో రెండు 'మేము'లున్నాయి. ఎదుటివాణ్ణి బయట ఉంచి చెప్పేది 'మేము'. వాణ్ణి కూడా కలుపుకునేది 'మనం'. మా ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేటప్పుడు ఒక్క మనిషి కూడా తనని తాను 'హమ్' అనుకుంటాడు. అది అహంకారం కాదు, ఒంటరిగా మాట్లాడటం అలవాటు లేకపోవటం. ముస్లింవాద కవిత్వం బలమంతా ఆ 'మేము'లో ఉంది. 1998లో 'జల్జలా' వచ్చినప్పుడు కొందరు సెక్యులర్ మిత్రులకి ఇబ్బంది కలిగించింది కూడా అదే. 'మనం' అని పిలవండి, 'మేము' అని విడగొట్టకండి అన్నారు. మమ్మల్ని ముందు విడగొట్టిందెవరని మావాళ్ళు అడిగారు. ఆ వాదన తేలలేదు, తేలకపోయినా అది ఇద్దరి మధ్య జరిగిన వాదన. డైవర్సిటీ వ్యాసంలో వాదనకి చోటే లేదు. అక్కడ 'నేను' ఒక్కటే చెల్లుతుంది. మొహల్లా లేదు, బిరాదరీ లేదు, మామూ లేడు. అందర్నీ వదిలిపెట్టి ఒక్కడుగా నిలబడి, 'నేను మావాళ్ళందరికీ నమూనాని' అని చెప్పుకోవాలి. మనుషుల్ని వదిలేశాక వాళ్ళ పేరు చెప్పుకోవటం ఎలాగో మాకు అర్థం కాదు.

అన్నీ ఇలాగే ఉంటాయని అనటం లేదు. మంచిది కూడా ఒకటి చదివాం. కన్సార్టియం ఈ శతాబ్దం మొదటి దశకంలో నియమం మార్చింది. అమెరికా పౌరులూ శాశ్వత నివాసులూ ఏ జాతివాళ్ళైనా దరఖాస్తు పెట్టొచ్చు, కాని నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ జనం వ్యాపార రంగంలో పెరగాలన్న ఆశయానికి తామేం చేశారో చూపాలి. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళి షికాగోలో స్థిరపడిన ముస్లిం కుటుంబంలో పుట్టిన అమ్మాయి ఒకామె ఈ దారిన దరఖాస్తు పెట్టింది. 2013లో షికాగో నగరం యాభై దాకా ప్రభుత్వ బళ్ళు మూసేసింది. వాటిలో చాలా వరకు నల్లజాతి పిల్లలు చదివేవే. అలాంటి ఒక బడిలో సాయంత్రాలు లెక్కలు చెప్పేది ఈమె. మూయొద్దని తల్లులతో కలిసి సమావేశాలకి వెళ్ళింది. వ్యాసంలో ఎక్కువ భాగం ఆ తల్లుల మాటలే. బడి మూసేశారు, మేము ఓడిపోయాం అని రాసింది. ఎవరు మూసేశారో కూడా రాసింది. ఓటమిలోంచి పాఠం పిండలేదు. తాను ముస్లిం అన్న మాట ఒక్కచోట, అదీ పనిలో పనిగా వచ్చింది. పిల్లలు ఆమె పేరు పలకలేక పొట్టి పేరు పెట్టుకున్నారట, అక్కడ.

'నువ్వెవరు' అని అడిగితే మూడో ప్రతి వస్తుంది. 'నువ్వు ఎవరితో నిలబడ్డావు' అని అడిగితే ఇలాంటి వ్యాసం రావటానికి అవకాశం ఉంది. కన్సార్టియం నియమం మార్పులో కోర్టుల భయం ఎంతో, ఆశయం ఎంతో వేరే చర్చ. ప్రశ్న మాత్రం మంచిది.

ఆ వ్యాసం గురించి బంధువుల ఇంట్లో మాట్లాడుకుంటుంటే మరో సంగతి బయటపడింది. 'ఆ కాలేవాలతో మన పిల్లకేం పని' అని ఒక పెద్దావిడ అంది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే నిజాం దళం పేరు అది. ఆ సిద్దీల మనవలు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ళ మర్ఫా లేకపోతే మన బారాత్ కదలదు. పెళ్ళి సంబంధం మాట వస్తే మాత్రం 'హబ్షీ' అన్నది తిట్టు. ఇస్లాంలో తెలుపు నలుపు లేవని జుమ్మాలో వింటాం, బయటికొచ్చి కోడలి రంగు చూస్తాం. అమెరికాలో మమ్మల్నీ రంగు మనుషుల్లో లెక్కపెట్టండని అడిగే ముందు ఏ.సి. గార్డ్స్ దాకా ఒకసారి నడిచెళ్ళొస్తే మంచిది.

మన దేశంలో బిజినెస్ స్కూళ్ళు కూడా డైవర్సిటీ అంటున్నాయి. ఐ.ఐ.ఎం.లలో ఆ మాటకి అర్థం రెండే: ఆడపిల్లలు, ఇంజనీరింగ్ కానివాళ్ళు. వాళ్ళకి ఎంపికలో కొన్ని మార్కులు కలుపుతారు. 2013లో కోళిక్కోడ్ ఐ.ఐ.ఎం.లో చేరినవాళ్ళలో సగానికి పైగా ఆడపిల్లలే అయ్యారు. మంచిదే, మార్కులు కలిపితే ఏమవుతుందో ఆ ఒక్క బ్యాచ్ చూపించింది. గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన భూమిలో 2001లో మొదలైన ఐ.ఎస్.బి.లో కుల రిజర్వేషన్లు లేవు, వ్యాసాలున్నాయి.

ఈ మాట మన దగ్గర మరో అర్థంతో కూడా వచ్చిందని చాలామందికి గుర్తులేదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఐ.ఐ.ఎం.లన్నీ కలిపి 4743 మంది విద్యార్థుల్లో ముస్లింలు 63 మంది అని అందులో ఉంది. అంటే 1.3 శాతం. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. దరఖాస్తు పెట్టిన ముస్లింలలో సీటొచ్చినవాళ్ళ నిష్పత్తి మిగతావాళ్ళకంటే తక్కువేం కాదు. దరఖాస్తు పెట్టేవాళ్ళే తక్కువ. అంటే దిద్దాల్సింది వ్యాసాన్ని కాదు, వ్యాసం దాకా రానివ్వని బతుకుని. ఏ సంస్థలో ఎవరెంతమంది ఉన్నారో కొలిచే 'డైవర్సిటీ ఇండెక్స్' ఒకటి పెట్టాలని సచార్ కమిటీ సిఫారసు చేసింది. దాన్ని తయారుచేయడానికి అమితాబ్ కుందు అధ్యక్షతన నిపుణుల బృందం వేశారు, 2008లో వాళ్ళు నివేదిక ఇచ్చారు. అది అమలుకి రాలేదు. లెక్కపెట్టే డైవర్సిటీ అటకెక్కింది, కథ చెప్పించే డైవర్సిటీ కాలేజీ బ్రోషర్లకెక్కింది. 2020-21 ఉన్నత విద్య సర్వేలో మొత్తం విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 జనాభాలో మనం 14 శాతం.

మన రెండు రాష్ట్రాల్లో ఎం.బి.ఎ.కి పెద్ద దారి ఐసెట్. అందులో వ్యాసం లేదు. ర్యాంకు, దాంతోపాటు తహసీల్దారు ఇచ్చే సర్టిఫికెట్. దూదేకుల, నూర్‌బాషా అయితే బి.సి.-బి. ఖురేషీ, ఫకీరు, అత్తరు సాయిబు, ధోబీ ముస్లిం, షేక్ అయితే బి.సి.-ఇ, నాలుగు శాతం. సర్టిఫికెట్ కోసం తిరగటంలో అవమానాలు లేవని కాదు, ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో అందరికీ తెలుసు. కాని ఆ కాగితం నీ మామూ గురించి అడగదు. నవ్వమని అడగదు. మాకు దాంట్లో ఒక మర్యాద కనబడుతుంది.

ఇక్కడ మన లోపలి మాట ఒకటి చెప్పక తప్పదు. డైవర్సిటీ వ్యాసం ఎవరికి కలిసొస్తుంది? ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో పుస్తకాల అలమర ఉండి, కన్సల్టెన్సీకి ఫీజు కట్టగలిగినవాళ్ళకి. మనలో వాళ్ళు ఎక్కువగా సయ్యదులు, పఠాన్లు, మొఘళ్ళు. వాళ్ళకి బి.సి.-ఇ లేదు కాబట్టి వ్యాసం ఉంది. దూదేకుల ఇంటి పిల్ల కథ ఎంత గట్టిదైనా అది తెలుగులో ఉంది. 'ముస్లిం' అన్న ఒక్క మాట మీద సీటు పుచ్చుకుని అమెరికా వెళ్ళినవాడు, అదే మాట కింద తనకంటే దిగువన ఉన్నవాళ్ళ దెబ్బల్ని కూడా తన ఖాతాలో రాసుకుంటున్నాడు. డైవర్సిటీ అనేది కౌమ్ లోపల ఎప్పుడు మొదలవుతుందని పస్మాందా మిత్రులు అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైంది.

ఇదంతా విని కొందరు సెక్యులర్ మిత్రులు సంతోషపడొచ్చు. చూశారా, అస్తిత్వం పేరుతో సీట్లు అడిగితే ఇంతే, మెరిట్ ఒక్కటే కొలత కావాలి అనొచ్చు. తొందరపడొద్దని మనవి. మెరిట్‌కి కూడా ఒక కథ ఉంది, అది ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు, అంతే తేడా. తాత భూములు, తండ్రి ఉద్యోగం, ఇంట్లో కంప్యూటరు, పట్నంలో మేనమామ ఇల్లు. అవి వ్యాసంలోకి రాకుండానే మార్కుల్లోకి వస్తాయి. మావాళ్ళు కొందరు మరో వైపు నుంచి అడుగుతారు: సీటు కావాలా, సిద్ధాంతం కావాలా? సీటే కావాలి. ఆ పాతబస్తీ కుర్రాడు మూడో ప్రతే పంపాడు. సీటొచ్చింది, వెళ్ళాడు. వాడి చెల్లెలి ఫీజు ఇప్పుడు వాడే కడుతున్నాడు. వెళ్ళొద్దని ఎవరనగలరు? వచ్చింది నజరానాకి మెచ్చి ఇచ్చిన ఖిలత్ అనీ, గెలుచుకున్న హక్కు కాదనీ తెలిసి వెళ్ళమంటాం.

తెలియకపోతే ఏమవుతుందో 2025లో చూశాం. జనవరిలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వులతో అమెరికా ప్రభుత్వం డైవర్సిటీ కార్యక్రమాల్ని ఎత్తేయటం మొదలుపెట్టింది. బిజినెస్ స్కూళ్ళలో నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ అధ్యాపకులు పెరగాలని 1994 నుంచి పని చేస్తున్న పిహెచ్.డి. ప్రాజెక్టుతో సంబంధం పెట్టుకున్నందుకు మార్చిలో 45 యూనివర్సిటీల మీద అక్కడి విద్యాశాఖ విచారణ మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఈ మాటని బ్రోషర్ల మొదటి పేజీలో వేసుకున్న పెద్ద కంపెనీలు కొన్ని దాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాయి. వ్యాపారానికి మంచిదని తెచ్చుకున్నది, వ్యాపారానికి మంచిది కాదనిపించినప్పుడు పోతుంది.

దీని పక్కన మన నాలుగు శాతాన్ని పెట్టి చూడండి. 2004లో ముస్లింలకి అయిదు శాతమని జీవో తెస్తే హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం తెస్తే అదీ కొట్టేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తీసుకుని, ఏ కులాలు వెనకబడ్డాయో పేరుపేరునా రాసి, 2007లో నాలుగు శాతంతో మళ్ళీ చట్టం తెచ్చారు. 2010లో హైకోర్టు మూడోసారి కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ ఉత్తర్వు మీదే ఐసెట్ కౌన్సెలింగులో ఖురేషీ పిల్లలకి, ఫకీరు పిల్లలకి సీట్లొస్తున్నాయి. మూడుసార్లు పడి మూడుసార్లు లేచింది. ఎవరి ఓర్పునీ ఎవరూ మెచ్చుకోనక్కర్లేకుండానే లేచింది. లెక్కలు చూపించి అడిగారు కాబట్టి లేచింది.

దరఖాస్తులు పెడుతున్న పిల్లలకి మేము చెబుతున్నది చిన్నది. కమిటీకి పంపాల్సింది పంపండి, మొదటి ప్రతిని మాత్రం చింపెయ్యకండి. పోలీసులున్న ప్రతి, ఆటో ఉన్న ప్రతి, ఏ భాషలో ఉంటే ఆ భాషలో మాకు పంపండి, ఇలాంటి పుస్తకాల్లో వేద్దామని అడుగుతున్నాం. పేర్లు వద్దంటే వేయం. ఇప్పటికి మూడు వచ్చాయి. ఒకటి తెలుగు అక్షరాల్లో రాసిన దక్కనీలో ఉంది, దాన్ని అలాగే ఉంచుతున్నాం. ఉర్దూలో ఉన్న రెంటినీ తెలుగు చేస్తున్నాం.